సరిహద్దు సీమ నాడప్రభువు: యలహంక కెంపేగౌడ జీవితమూ, వంశమూ

హిందూపురం, మడకశిర, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి జీవనోపాధి కోసం బెంగళూరుకు తరలిన కుటుంబాలు అనేకం. ఆ మహానగరంలో వారిలో చాలమంది మొట్టమొదట కాలు మోపే చోటు మెజస్టిక్. దాని అసలు పేరు కెంపేగౌడ బస్ నిలయం. నేడు బస్సులు ఆగే ఆ నేల ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు గర్భం. ఆ చెరువును నిర్మించిన ఘనత ఏ ప్రభువుకు దక్కిందో, ఆ ప్రభువు పేరే చెరువు మాయమైన చోట నిలిచింది. 2013లో బెంగళూరు అంతర్జాతీయ విమానాశ్రయానికి కూడ ఆయన పేరే పెట్టారు. 2022 నవంబరు 11న ఆ విమానాశ్రయ ప్రాంగణంలో 108 అడుగుల ఎత్తుగల ఆయన విగ్రహాన్ని ఆవిష్కరించారు.

ఇంతటి పేరు గడించిన కెంపేగౌడ చక్రవర్తి కాడు, స్వతంత్ర రాజు కూడ కాడు. విజయనగర సామ్రాజ్యంలో యలహంక నాడును ఏలిన ఒక సామంతుడు మాత్రమే. తలపై రాయల ఆజ్ఞ, ప్రక్కన పొరుగు పాలెగార్ల కన్ను, కాళ్ళ క్రింద వాన చాలని మెట్ట నేల: ఈ మూడింటి నడుమ అతడు జీవితమంతా గడిపాడు. అతని వంశం సుమారు మూడు వందల సంవత్సరాలు అధికారంలో ఉన్నది. ఆ చరిత్రలో కీర్తి ఎంత ఉన్నదో, దానికి ఆ ఇంటివారు చెల్లించిన మూల్యమూ అంత ఉన్నది.

ఏడు కుటుంబాల వలస

ఆ వంశంవారు మొరసు వక్కలిగలు. తూర్పు బెంగళూరు, కోలారు ప్రాంతాలతో బాటు హొసూరు, కుప్పం, పుంగనూరు వైపు వరకు వ్యాపించిన సీమకు మొరసునాడు అని పూర్వం నుండి పేరు. అక్కడి రైతు కుటుంబాలలో తెలుగు, కన్నడం రెండూ కలిసి మెలిసి ఉన్నాయి. ఒకే వంశంలో ఒక శాఖ తెలుగు మాట్లాడటం, మరొక శాఖ కన్నడం మాట్లాడటం నేటికీ సరిహద్దు పల్లెలకు క్రొత్త విషయం కాదు.

వంశ సంప్రదాయం ప్రకారం వీరి పూర్వులు కంచి ప్రాంతంలో ఉండేవారు. వారి పెద్ద రణబైరేగౌడ. అతనికి దొడ్డమ్మ అనే కుమార్తె ఉండేది. అక్కడి బలవంతుడైన ఒక ప్రభువు ఆ కన్యను తనకిచ్చి వివాహం చేయమని ఒత్తిడి చేశాడు. ఇవ్వడం ఇష్టం లేదు, కాదని బ్రతికే బలమూ లేదు. ఏడు కుటుంబాలవారు రాత్రికి రాత్రి బండ్లు కట్టుకొని పడమటి దిక్కుగా బయలుదేరారు. వెనుక సైన్యం తరుముకొని వస్తుండగా పాలారు పొంగి అడ్డు నిలిచినదనీ, దొడ్డమ్మ తన చెవి కమ్మను నదిలో వేసి ప్రార్థించగా నీరు చీలి దారి ఇచ్చినదనీ కథ చెబుతారు. చివరకు దేవనహళ్ళికి సమీపంలోని రామస్వామి కొండ పాదాన బండ్లు దింపి ఆవతి అనే గ్రామాన్ని నెలకొల్పుకొన్నారు. తమను మోసుకొని వచ్చిన బండిని వారు దైవంగా భావించారు. బండి దేవర కొలువు ఆ విధంగా వచ్చినదని అంటారు.

ఈ కథలో పురాణం పాలెంత, చరిత్ర పాలెంత అన్నది వేరు సంగతి. ఒక ఆడపిల్ల గౌరవం కోసం పొలాలూ ఇండ్లూ విడిచి వచ్చిన రైతులుగానే ఆ వంశంవారు తమను గుర్తుంచుకొన్నారు. ఆవతి నుండి వారి సంతతి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం వైపు విస్తరించింది. కోటలు కట్టి, అడవి నరికి, చెరువులు వేసి, పాలెగార్లయ్యారు. జయగౌడ అనే వాడు యలహంకలో స్థిరపడి విజయనగర ప్రభువులకు లోబడిన నాడప్రభువుగా గుర్తింపు పొందాడు. ఆ శాఖలోనివాడే కెంపేగౌడ.

యలహంకలో బాల్యం

కెంపేగౌడ 1510లో యలహంకలో జన్మించినట్లు సంప్రదాయం. తండ్రి కెంపనంజేగౌడ, తల్లి లింగాంబ. హెసరఘట్ట సమీపంలోని ఐవరుకందపురం గురుకులంలో బాలుడు విద్య నేర్చాడు. చదువుతో బాటు సాము, గుర్రపు స్వారీ, పరిపాలనా విషయాలు అలవరచుకొన్నాడు.

అది విజయనగరం ఉచ్చ దశలో ఉన్న కాలం. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యమేలాడు. సామంతులందరూ ఏటా నవరాత్రి ఉత్సవాలకు రాజధానికి వెళ్ళి కప్పం సమర్పించి రావడం ఆచారం. తండ్రి వెంట హంపికి వెళ్ళిన యువకుడు అక్కడి బజారులు, కాలువలు, కోట గోడలు, గుడి గోపురాలు చూసి, తన నాడులోనూ అటువంటి పట్టణం ఉండాలని తలచాడని చెబుతారు. అతనికి చెన్నాంబతో వివాహం జరిగింది. సంప్రదాయపు లెక్క ప్రకారం 1531లో పాలనాధికారం చేపట్టాడు.

నాగటి చాలున నగరం

బెంగళూరు అనే పేరు కెంపేగౌడ పెట్టినది కాదు. సుమారు క్రీ.శ. 890 నాటి బేగూరు వీరగల్లు శాసనంలో బెంగళూరు యుద్ధం ప్రస్తావన ఉన్నది. కొడిగేహళ్ళి వద్ద హళె బెంగళూరు అనే పాత గ్రామం ఉండేది. తన ఇంటి స్త్రీల పుట్టినూరు అయినందున ఆ పేరునే క్రొత్త పట్టణానికి పెట్టాడని ఒక ప్రతీతి. వేటకు వెళ్ళినప్పుడు కుందేలు వేటకుక్కను తరమడం చూసి, ఆ నేలకు పౌరుషం ఉన్నదని తలచి అక్కడ పట్టణం కట్టాడన్నది మరొక కథ. హంపి స్థాపన గురించి కూడ ఇదే కథ చెబుతారు. కర్ణాటక సీమలోని పాలెగారు తన పట్టణాన్ని సామ్రాజ్య రాజధానితో పోల్చుకొన్న తీరు ఇందులో కనిపిస్తుంది.

అచ్యుతదేవరాయలు 1529 నుండి 1542 వరకు పాలించాడు. అతని అనుమతితో 1537లో కెంపేగౌడ బెంగళూరు కోట, పేటల నిర్మాణం ఆరంభించాడు. ఆరంభించిన విధానం రైతు బిడ్డకు తగినదిగా ఉన్నది. ఊరి నడిబొడ్డుగా ఎంచిన స్థలంలో శుభ ముహూర్తాన నాలుగు నాగళ్ళు పూన్చి, ఎడ్లను నాలుగు దిక్కులకు తోలించాడు. ఆ నాగటి చాళ్ళే వీధులయ్యాయి. తూర్పు పడమరలుగా సాగిన వీధి చిక్కపేట, ఉత్తర దక్షిణాలుగా సాగినది దొడ్డపేట. ఒకటి హలసూరు వైపు నుండి సొండెకొప్ప వైపుకు, మరొకటి యలహంక వైపు నుండి ఆనేకల్లు వైపుకు దారి చూపాయి. చుట్టూ మట్టి కోట, దాని వెలుపల కందకం, దారులు పోయే ఊళ్ళ పేర్లతో ద్వారాలు ఏర్పడ్డాయి.

కోట లోపల వృత్తుల వారీగా పేటలు వెలిశాయి. అక్కిపేటలో బియ్యం, రాగిపేటలో రాగులు, అరళెపేటలో పత్తి, బళెపేటలో గాజులు అమ్మకం. కుంబారపేట కుమ్మరులది, గాణిగరపేట గాండ్లవారిది. నలుమూలల నుండి వచ్చిన వృత్తిదారులకు, వర్తకులకు అక్కడ స్థలం దొరికింది. వారిలో తెలుగువారు, తమిళులు, కన్నడిగులు అందరూ ఉన్నారు. పట్టణం పుట్టుకతోనే బహుభాషల కూడలి అయింది.

అయితే పట్టణానికి నీరు కావాలి. బెంగళూరు చెంత పెద్ద నది లేదు. ఆ ఊరు ఒక ఎత్తైన మెరక మీద ఉన్నది. అక్కడ కురిసిన వాన కొంత పడమరగా అర్కావతి ద్వారా కావేరికి, కొంత తూర్పుగా దక్షిణ పినాకినికి జారిపోతుంది. జారిపోయే నీటిని పల్లంలో కట్ట వేసి నిలపడమొక్కటే మార్గం. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరే గొలుసుకట్టు పద్ధతి రాయలసీమ రైతులకు బాగా తెలిసినదే. ఆ పద్ధతిలోనే కెంపేగౌడ ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి చెరువులను ఏర్పరచాడు. కెంపాంబుధికి ఆ పేరు కులదేవత కెంపమ్మ పేరిట వచ్చినదని చెబుతారు. బసవనగుడిలోని దొడ్డ బసవన్న ఆలయ నిర్మాణం, గవి గంగాధరేశ్వర, హలసూరు సోమేశ్వర ఆలయాల పునరుద్ధరణ కూడ అతని పేరిటనే ఉన్నాయి.

ఈ కృషికి మెచ్చి అచ్యుతరాయలు హళె బెంగళూరు, వర్తూరు, బేగూరు, హలసూరు, జిగణి, కుంబళగోడు, హెసరఘట్ట మొదలైన 12 హోబళీలను కెంపేగౌడకు ఇచ్చాడనీ, వాటి రాబడి 30,000 వరహాలనీ ప్రసిద్ధి.

కోట గుమ్మాన కోడలు

కెంపేగౌడ పేరు చెప్పగానే అతని ఇంటి కోడలి పేరు కూడ జనం చెప్పుకొంటారు. పగలు కట్టిన కోట ద్వారం రాత్రికి కూలిపోతూ వచ్చిందట. గర్భిణిని బలి ఇస్తే గాని ద్వారం నిలవదని కొందరు చెప్పారట. కెంపేగౌడ అందుకు ఒప్పుకోలేదు. కోట నిలవకపోతే మామగారి పేరు నిలవదని తలచిన కోడలు లక్ష్మమ్మ, నిండు చూలాలు, ఎవరికీ చెప్పకుండ రాత్రివేళ ద్వారం వద్దకు వెళ్ళి ఖడ్గంతో తన ప్రాణాన్ని తానే తీసుకొన్నది. ఆ తరువాత ద్వారం కూలలేదని గాథ. ఆమె స్మారకంగా కోరమంగలలో గుడి వెలిసింది.

ఇటువంటి బలి గాథలు మన చెరువు కట్టల మీద, కోట గుమ్మాల వద్ద అనేకం వినబడతాయి. బుక్కరాయసముద్రం ముసలమ్మ గాథ అనంతపురం జిల్లాలో తెలియనివారు లేరు. రాతికీ మట్టికీ బలం చాలని చోట ఇంటి కోడలి ప్రాణాన్ని కలిపి చెప్పడం ఆనాటి సమాజపు తీరు. కట్టించినవాడికి నగరం దక్కింది, కోడలికి గుడి దక్కింది.

మొరసు వక్కలిగ స్త్రీలు మోసిన మరొక భారం గాథ కాదు, నిజం. ఆ కులంలోని ఒక శాఖలో, మొదటి సంతానానికి చెవులు కుట్టే వేడుకకు ముందు తల్లి చేతి చివరి రెండు వేళ్ళ కొనలను ఉలితో నరికే ఆచారం ఉండేది. భస్మాసురునికి భయపడి శివుడు దాగిన చోటును ఒక రైతు వ్రేలితో చూపాడనీ, శివుడు ఆ వ్రేలును తీయబోగా రైతు భార్య అడ్డుపడి, పొలం పని ఆగిపోతుందని వేడుకొని, బదులుగా తన వేళ్ళు ఇచ్చినదనీ దానికి మూల కథ. కెంపేగౌడ తన వారిలో ఈ ఆచారాన్ని నిషేధించాడని సంప్రదాయం గట్టిగా చెబుతుంది. కాని ఒక ప్రభువు మాటతో అది అంతరించలేదు. పందొమ్మిదవ శతాబ్దపు రచనలలో కూడ దాని ప్రస్తావన ఉన్నది. ప్రభుత్వ నిషేధాల తరువాత వేళ్ళకు పూలో, బంగారు రేకో చుట్టి తీసివేయడంతో ఆ తంతు ముగిసింది. ఆచారాన్ని మాన్పించడం కోట కట్టడం కన్న కష్టమని ఈ ఉదంతం తెలుపుతున్నది.

నాణెం తెచ్చిన చెర

సామంతునికి సైన్యం ఉండవచ్చు, కోట ఉండవచ్చు, పన్ను వసూలు చేసే హక్కు ఉండవచ్చు. నాణెం ముద్రించే హక్కు మాత్రం సార్వభౌమునిది. పట్టణం పెరిగి వర్తకం సాగిన కొలది కెంపేగౌడ తన సొంత టంకసాల నుండి నాణేలు వేయించాడు. పొరుగు పాలెగార్లకు ఇది మంచి అదను. రాయల దర్బారుకు ఫిర్యాదు వెళ్ళింది. అచ్యుతరాయల అనంతరం సదాశివరాయల పేరిట అధికారమంతా అళియ రామరాయల చేతిలో ఉన్న కాలమది. కెంపేగౌడను పిలిపించి ఆనెగొందిలో చెరలో ఉంచారు. అతని సీమను స్వాధీనం చేసుకొన్నారు. ఐదు సంవత్సరాలు అతడు బందీగా గడిపాడని వంశ చరిత్ర చెబుతుంది. తరువాత క్షమాపణతో, దండుగతో విడుదల పొంది, తన నాడును తిరిగి పొందాడు.

ఆ కాలంలోనే, 1530ల్లో, లేపాక్షిలో వీరభద్రాలయాన్ని విస్తరింపజేసిన విరూపణ్ణ కథ సరిహద్దు ప్రజలకు సుపరిచితం. రాయల ఖజానా ధనాన్ని అనుమతి లేకుండ గుడికి వెచ్చించాడన్న నింద మీద, శిక్ష పడకమునుపే తన కన్నులను తానే పెరికి గోడకు విసిరాడని గాథ. ఒకరు గుడి కోసం, మరొకరు పట్టణం కోసం పరిధి దాటారు. సీమ ప్రభువుల జీవితం ఎంత సన్నని గట్టు మీద సాగేదో ఈ రెండు కథలూ చెబుతున్నాయి. కట్టినంతవరకు మెప్పు, కొంచెం మించితే చెర.

చెర నుండి తిరిగి వచ్చిన కెంపేగౌడ మళ్ళీ నాణేల జోలికి పోయినట్లు ఎక్కడా వినబడదు. గుళ్ళు, చెరువులు, అగ్రహారాల పనులే అతని చివరి కాలంలో చెప్పుకోదగినవి.

పెనుకొండ రోజులు

1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో రామరాయలు హతుడయ్యాడు. హంపి నేలమట్టమైంది. తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించాడు. అంతవరకు దూరాన ఉన్న సింహాసనం ఇప్పుడు యలహంక నాడుకు దగ్గరకు వచ్చింది, కాని దాని బలం సగమైంది. ఇటువంటి వేళ పాలెగారుకు పాలెగారే శత్రువు.

1569లో కెంపేగౌడ మరణించాడు. మాగడి తాలూకాలోని కెంపాపుర గ్రామంలో 2015లో వెలుగులోకి వచ్చిన సమాధి మీద కన్నడ శాసనం ఉన్నది. కుణిగల్ నుండి తిరిగి వస్తూ అతడు ఆ స్థలంలో కన్నుమూసినట్లు దాని వలన తెలుస్తున్నది. శివగంగ కొండ మీది గంగాధరేశ్వర ఆలయంలో 1609లో అతని లోహ విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

అతని కుమారులలో గిడ్డేగౌడ, ఇమ్మడి కెంపేగౌడ ప్రసిద్ధులు. ఇమ్మడి కాలంలో మాగడి, సావనదుర్గం వైపు అధికారం విస్తరించింది. బెంగళూరు నాలుగు దిక్కులా ఎల్లలను సూచిస్తూ నాలుగు బురుజులను అతడు కట్టించాడని చెబుతారు. అవి లాల్‌బాగ్ బండ మీద, కెంపాంబుధి గట్టున, హలసూరు చెరువు వద్ద, మేఖ్రీ కూడలి సమీపాన నేటికీ నిలిచి ఉన్నాయి. ఆనాడు ఊరి పొలిమేరలైన ఆ చోట్లు నేడు నగర గర్భంలో ఉన్నాయి.

తెలుగు పాఠకులకు ప్రీతి కలిగించే విషయం మరొకటి ఉన్నది. గంగాగౌరీవిలాసము అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ రచనగా ప్రసిద్ధం. కన్నడ నాడులో పట్టణం కట్టిన వంశం, శాసనం కన్నడంలో వేయించి, పాటను తెలుగులో పలికింది. ఆ ఇంటిలో రెండు భాషలకూ పేచీ లేదు.

వంశాస్తమయం

1638లో బీజాపూర్ సేనాని రణదుల్లా ఖాన్, షాహాజీ భోంస్లేతో కలిసి బెంగళూరు మీదికి వచ్చాడు. ఎదురు నిలిచే బలం చాలక కెంపేగౌడ వారసుడు పట్టణాన్ని అప్పగించి మాగడికి తరలిపోయాడు. బెంగళూరు షాహాజీకి జాగీరయింది. నాగటి చాలుతో మొదలైన పట్టణం ఆ వంశం చేతిలో నిలిచినది సరిగ్గా 101 సంవత్సరాలు. 1687లో మొగలు సేనాని కాసిం ఖాన్ దానిని పట్టుకొన్నాడు. ఆపై మూడు లక్షల రూపాయలకు అది మైసూరు చిక్కదేవరాజ ఒడెయరు వశమైంది. కట్టినవారి సంతతి మాగడి కొండల నుండి ఆ బేరాన్ని వినడం తప్ప చేయగలిగినది లేదు.

మాగడిలో మరి కొన్ని తరాలు గడిచాయి. 1728లో మైసూరు దళవాయి దేవరాజయ్య మాగడిని ముట్టడించాడు. ఆ వంశపు చివరి ప్రభువు కెంపవీరప్పగౌడను బందీగా శ్రీరంగపట్టణానికి తీసుకొనిపోయారు. అతడు అక్కడి చెరలోనే మరణించాడు. ఆనెగొంది చెర నుండి పూర్వుడు తిరిగి వచ్చాడు, శ్రీరంగపట్టణం చెర నుండి వారసుడు తిరిగి రాలేదు. ఆడపిల్ల కోసం బండ్లు కట్టుకొని వచ్చిన వంశపు పాలన అంతటితో ముగిసింది.

మిగిలినది

మట్టి కోట నేడు లేదు. నాణెం, టంకసాల లేవు. 12 హోబళీల హద్దులు చెరిగిపోయాయి. సంపంగి చెరువు చాల భాగం పూడి, ఆ స్థలంలో కంఠీరవ క్రీడాంగణం వెలిసింది. ధర్మాంబుధిలో నీరు ఇంకి బస్ నిలయం వచ్చింది. కెంపాంబుధి మాత్రం ఇంకా చెరువుగానే ఉన్నది. 2017 నుండి కర్ణాటక ప్రభుత్వం జూన్ 27న కెంపేగౌడ జయంతిని జరుపుతున్నది. జయంతి నాడు దండలు విగ్రహాలకు పడతాయి. నగరానికి నీరు మాత్రం దాదాపు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న కావేరి నుండి ఎత్తి పోయవలసి వస్తున్నది. వాన నీటిని ఊరిలోనే నిలపాలని 1537లో ఆలోచించిన ప్రభువుకు అది ఇంకా బాకీగానే ఉన్నది.

పేటలు మాత్రం చెక్కుచెదరలేదు. సరిహద్దు పల్లెలలో పెండ్లి కుదిరితే పట్టుచీరెల కోసం నేటికీ చిక్కపేటకు వెళతారు. అంగడివాడు కన్నడంలో ధర చెబితే, పెండ్లికూతురు తల్లి తెలుగులో బేరమాడుతుంది. ఎవరికీ దుబాసీ అవసరం రాదు. వారు నిలబడి బేరమాడే ఆ వీధి, ఐదు శతాబ్దాల నాడు ఎడ్లు సాగిన నాగటి చాలు.